బోర్డుకు అతికించిన ర్యామ్ మార్చాలంటే

(హనుమకొండలో పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థులు, ల్యాప్‌టాప్ మెకానిక్‌లు కలిసిన సమావేశంలో ఒక చిప్ లెవెల్ టెక్నీషియన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కరీంనగర్, జనగామ, మహబూబాబాద్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అన్నలకు, ముందు వరుసల్లో కూర్చున్న పిల్లలకు మరీ మరీ నమస్కారం. నేరుగా విషయంలోకి వస్తాను.

మన కౌంటర్ ముందు నిలబడి పిల్లలు అడిగే మొదటి మాట, "అన్నా, దీంట్లో ర్యామ్ పెంచొచ్చా?" అనే. ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు ఇంట్లోవాళ్లు కష్టపడి కొనిచ్చిన సన్నటి ల్యాప్‌టాప్ అది. ర్యామ్, అంటే తెరిచిన ప్రోగ్రాములను పట్టి ఉంచే మెమరీ, 8 జీబీ ఉంటుంది. మొదటి ఏడాది క్లాసులు వినడానికి, రికార్డులు రాసుకోవడానికి సరిపోయింది. మూడో ఏడాదికి వచ్చేసరికి ఆండ్రాయిడ్ స్టూడియో, దాని ఎమ్యులేటర్, పక్కన క్రోమ్ మూడూ తెరిస్తే మౌస్ కూడా కదలదు. ప్రాజెక్టు డేట్ దగ్గర పడుతుంటే ఆ పిల్లల టెన్షన్ చూడలేం. కొత్తది కొనుక్కోమని చెప్పడం మనకు తేలికే. ఆ మాట వినే తండ్రికి తేలిక కాదు. అందుకే ఈ పని మనలో కొందరికైనా పక్కాగా రావాలని నా కోరిక.

ముఖ్యమైన మాట ముందే చెప్తాను. అతికించిన ర్యామ్ మార్చడంలో సోల్డరింగ్, అంటే లోహం కరిగించి చిప్‌ను బోర్డుకు అతికించడం, సగం పని. మిగతా సగం, కొత్త చిప్‌లు వచ్చాయని బోర్డుకు తెలిసేలా చేయడం. మన జిల్లాల్లో చేయి తిరిగినవాళ్లకు కొదవ లేదు. ఒక ఐసీ, అంటే చిప్, తీసి ఇంకోటి పెట్టడంలో ఎవరికీ తీసిపోరు. కానీ రెండో సగం చదువుతో వచ్చే పని, అక్కడే చాలామంది ఆగిపోతున్నారు.

కంపెనీలు ర్యామ్‌ను బోర్డుకు ఎందుకు అతికిస్తున్నాయో ముందు న్యాయంగా మాట్లాడుకుందాం. అంతా డబ్బాశే అనుకుంటే మనకు విషయం అర్థం కాదు. స్లాటు, అందులో పెట్టే పట్టీ కలిపి నాలుగు మిల్లీమీటర్ల దాకా ఎత్తు వస్తాయి. నేరుగా అతికించిన చిప్ ఎత్తు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. సన్నటి మెషీన్‌లో ఆ తేడా పెద్దదే. రెండోది కరెంటు. ఎల్‌పీడీడీఆర్ అనే రకం ఫోన్ల కోసం పుట్టిన మెమరీ. మామూలు డీడీఆర్4 1.2 వోల్టుల మీద నడుస్తుంటే, ఎల్‌పీడీడీఆర్4ఎక్స్ డేటా లైన్లు 0.6 వోల్టులతోనే నడుస్తాయి. బ్యాటరీ ఎక్కువసేపు నిలవడానికి ఇదొక కారణం. మూడోది వేగం. నేటి ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ సెకనుకు 8533 మెగా ట్రాన్స్‌ఫర్లు, అంతకు మించి కూడా పోతుంది. అంత వేగంలో ప్రతి మిల్లీమీటరు రాగి గీతకూ, ప్రతి పిన్ను అతుకుకూ లెక్క ఉంటుంది. మధ్యలో సాకెట్ పెడితే సిగ్నల్ పాడవుతుంది.

ఇవన్నీ నిజాలే. ఇంకో నిజం కూడా ఉంది. అతికించాక కొనేవాడికి వేరే దారి ఉండదు, కంపెనీ చెప్పిన ధరకే ఎక్కువ మెమరీ కొనాలి. ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 2008 నుంచే మెమరీని బోర్డుకు అతికించింది. ఎం1 ఎయిర్ రోజుల్లో 8 నుంచి 16 జీబీకి వెళ్లాలంటే మన దేశంలో 20,000 రూపాయలు అదనం. 2024 అక్టోబరులో అదే కంపెనీ ఎయిర్ మొదటి మోడల్‌ను కూడా 16 జీబీకి మార్చింది, అమెరికాలో ధర పెంచకుండానే. మరి అంతకుముందు ఏళ్లలో 8 జీబీ కొన్నవాళ్ల సంగతేమిటి? వాళ్లే ఇప్పుడు మన దగ్గరికి వస్తున్నారు.

సరే, ఒక ల్యాప్‌టాప్ మన టేబుల్ మీదికి వచ్చింది. స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే టాస్క్ మేనేజర్ తెరవండి. పర్ఫార్మెన్స్‌లో మెమరీ నొక్కితే 'ఫార్మ్ ఫ్యాక్టర్' అనే వరుస కనిపిస్తుంది. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే అతికించినదని అర్థం. 'ఎస్‌ఓడిమ్' అని ఉంటే స్లాటులో పట్టీ ఉంది, పది నిమిషాల పని. కానీ స్లాట్ల సంఖ్య దగ్గర ఆ పేజీని పూర్తిగా నమ్మకండి, కొన్నిసార్లు తప్పు చూపిస్తుంది. చాలా మధ్యతరగతి మోడళ్లలో 4 లేదా 8 జీబీ బోర్డు మీద అతికించి, పక్కన ఒక స్లాటు ఖాళీగా వదులుతారు. ఆ సంగతి కొన్నవాళ్లకు తెలియదు. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ దించుకుని చూడండి. స్లాటు ఉంటే అందులో పట్టీ పెట్టి పంపించండి. 8 జీబీ బోర్డు మీద, 16 జీబీ స్లాటులో ఉన్నా చాలా మెషీన్లు చక్కగా నడుస్తాయి. రెండువైపులా సమానంగా ఉన్న 16 జీబీ వరకు డ్యూయల్ ఛానెల్‌లో, అంటే ఒకేసారి రెండు దారుల్లో, మిగతా 8 సింగిల్‌లో పనిచేస్తుంది. అంతే తేడా.

స్లాటు లేదు, అన్నీ అతికించినవే. ఇప్పుడు లెక్క చేయాలి. చిప్ మీద రాసేది గిగాబిట్లలో, మనం మాట్లాడేది గిగాబైట్లలో. 8 గిగాబిట్లు ఒక గిగాబైటు. ఎల్‌పీడీడీఆర్3 బోర్డు ఒకటి తీసుకుందాం. ప్రాసెసర్ పక్కన నాలుగు చిప్‌లు, ఒక్కొక్కటి 16 గిగాబిట్లు అంటే 2 జీబీ. నాలుగూ కలిపితే 8 జీబీ. వాటి స్థానంలో అడుగున అదే 178 బాల్స్, అంటే సోల్డర్ గుండ్లు, ఉన్న 32 గిగాబిట్ల చిప్‌లు నాలుగు పెడితే 16 జీబీ అవుతుంది. డీడీఆర్4 అయితే 96 బాల్స్ చిప్‌లు ఎక్కువగా కనిపిస్తాయి. శామ్‌సంగ్ చిప్ మీద కే4ఏ8జీ165 అని ఉంటే మధ్యలో ఉన్న 8జీ అంటే 8 గిగాబిట్లు, తర్వాతి 16 అంటే పదహారు డేటా లైన్లు. దాని పెద్దన్న నంబరు కే4ఏఏజీ165. 8 ఉన్న చోట ఏ వచ్చింది, అది 16 గిగాబిట్లు. మైక్రాన్ చిప్ మీద పూర్తి నంబరు ఉండదు, డీ9తో మొదలయ్యే ఐదక్షరాల కోడ్ ఉంటుంది. ఆ కంపెనీ సైట్‌లోనే దాన్ని విప్పిచెప్పే పేజీ ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. పెద్ద చిప్‌లలో కొన్నింటి లోపల రెండు పొరలు ఉంటాయి. రెండో పొరను పిలవడానికి ఇంకో చిప్ సెలెక్ట్ లైను కావాలి. ఆ గీత బోర్డులో వేసి ఉంటేనే రెండో పొర పలుకుతుంది. లేకపోతే డబ్బు పెట్టి తెచ్చిన చిప్‌లో సగం మూగగా పడి ఉంటుంది. ఈ సంగతి స్కీమాటిక్, అంటే బోర్డు సర్క్యూట్ పటం, చూస్తే తప్ప తెలియదు.

ఇప్పుడు అసలు చోటికి వచ్చాం. ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను, నోట్సు రాసుకునేవాళ్లు రాసుకోండి.

స్లాటులో పెట్టే పట్టీ మీద ఒక మూలన ఎనిమిది కాళ్ల చిన్న ఐసీ ఉంటుంది. దాన్ని ఎస్‌పీడీ అంటాం. నేను ఎంత సైజు, ఎంత వేగం, నా టైమింగ్స్ అంటే ఒక్కో పనికి పట్టే సమయాలు ఏమిటి అని ఆ ఐసీ బయోస్‌కు, అంటే ఆన్ చేయగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌కు, చెప్తుంది. డీడీఆర్4 పట్టీలో అందులో ఉండే సమాచారం 512 బైట్లు. బోర్డుకు అతికించిన మెమరీకి మామూలుగా ఈ ఐసీ ఉండదు. ఆ సమాచారాన్ని కంపెనీ బయోస్‌లోనే పట్టికలుగా రాసి పెడుతుంది. ఒకే బోర్డును 8 జీబీతో, 16 జీబీతో, ఒకసారి హైనిక్స్ చిప్‌లతో, ఇంకోసారి మైక్రాన్ చిప్‌లతో తయారు చేస్తారు కాబట్టి పట్టికలు కూడా అన్ని ఉంటాయి. మరి ఈ బోర్డుకు ఏ పట్టిక చదవాలో బయోస్‌కు ఎలా తెలుస్తుంది? స్ట్రాప్ రెసిస్టర్ల ద్వారా.

ప్రాసెసర్ లేదా చిప్‌సెట్ నుంచి నాలుగైదు జీపీఐఓ లైన్లు, అంటే 1 లేదా 0 అని చదవగల లైన్లు, వస్తాయి. ఒక్కో లైనుకు బోర్డు మీద రెండు చోట్లు ఉంటాయి. ఒకటి లైనును వోల్టేజీ వైపు లాగే రెసిస్టర్‌కు, ఇంకొకటి గ్రౌండ్ వైపు లాగే రెసిస్టర్‌కు. ఫ్యాక్టరీలో రెండింటిలో ఒక్కటే పెట్టి రెండోది ఖాళీగా వదిలేస్తారు. పైకి లాగితే 1, కిందికి లాగితే 0. నాలుగు లైన్లుంటే పదహారు రకాల గుర్తులు చేయొచ్చు. ఆన్ చేయగానే బయోస్ ఆ గుర్తు చదివి, దానికి సరిపోయే పట్టిక తీస్తుంది.

రేషన్ కార్డు ఎలాగో ఇదీ అలాగే. ఇంట్లో ఎనిమిది మంది ఉన్నా కార్డులో నలుగురి పేర్లే ఉంటే డీలర్ నలుగురికే బియ్యం ఇస్తాడు. 16 జీబీ చిప్‌లు ఎంత అందంగా అతికించినా స్ట్రాపులు 8 అని చెప్తుంటే బోర్డు 8 జీబీయే చూపిస్తుంది. టైమింగ్స్ మరీ తేడాగా ఉంటే డిస్‌ప్లే కూడా రాదు. అప్పుడు మెకానిక్ తన సోల్డరింగే చెడిపోయిందనుకుని, చిప్‌లు మళ్లీ తీసి, మళ్లీ వేడి చేసి, బాగున్న బోర్డును చంపుకుంటాడు. ఇది మన దుకాణాల్లో జరుగుతున్నదే. నాకు బాధ కలిగించేది కూడా ఇదే. అక్కడ మారాల్సింది ఒక్క రెసిస్టర్.

ఆ రెసిస్టర్లు ఎంతుంటాయో మైక్రోస్కోప్ కింద చూస్తారు. 0201 సైజు అయితే పొడవు 0.6 మిల్లీమీటర్లు, వెడల్పు 0.3. స్కీమాటిక్‌లో మెమరీ ఐడీ అనో, మెమరీ కాన్ఫిగ్ అనో పేరుతో ఒక పట్టిక ఉంటుంది. ఏ కంపెనీ చిప్, ఏ సైజుకు ఏ రెసిస్టర్ పెట్టాలి, ఏది ఖాళీగా ఉంచాలి అని అందులో రాసి ఉంటుంది. ఆ పేజీ దొరికితే సగం యుద్ధం గెలిచినట్టే. దొరకకపోతే అదే బోర్డు 16 జీబీ రకం డెడ్ బోర్డు ఒకటి సంపాదించి, రెండూ పక్కపక్కన పెట్టి మల్టీమీటర్‌తో పోల్చండి. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ పారడైజ్ దగ్గర సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్తే స్క్రాప్ బోర్డులు దొరుకుతాయి. ఒక పూట తిరగడం నష్టమేమీ కాదు.

కాబట్టి కస్టమర్‌కు సరే అనే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సింది ఇదే: ఇదే బోర్డును కంపెనీ 16 జీబీతో అమ్మిందా? అమ్మి ఉంటే బయోస్‌లో ఆ పట్టిక ఉంటుంది. ఎప్పుడూ అమ్మకపోతే చాలావరకు ఉండదు. బయోస్‌ను మనమే మార్చి పట్టిక చేర్చవచ్చు కదా అని కొందరు అడుగుతారు. పాత బోర్డుల్లో కొన్నింట్లో అవుతుంది. బయోస్‌లో మార్పును పట్టేసే ఇంటెల్ బూట్ గార్డ్ ఆన్ చేసి ఉన్న బోర్డుల్లో ఆ భాగాన్ని ముట్టుకుంటే మెషీన్ అసలు లేవదు. అలాంటి కేసు తీసుకోవద్దని నా సలహా.

చిప్ తనంతట తాను చెప్పుకోలేదా అనే ప్రశ్న కూడా వస్తుంది. మంచి ప్రశ్న. ఎల్‌పీడీడీఆర్ చిప్ లోపల మోడ్ రిజిస్టర్లు ఉంటాయి. ఐదోది తయారీదారు ఎవరో చెప్తుంది, ఎనిమిదోది సైజు చెప్తుంది. అయితే చాలా విండోస్ ల్యాప్‌టాప్‌ల బయోస్ వాటిని బట్టి నిర్ణయం తీసుకోదు, స్ట్రాపునే నమ్ముతుంది.

ఇక చేతి పని. మీలో చాలామందికి తెలిసిందే కాబట్టి, తేడా వచ్చే చోట్లే చెప్తాను. బ్యాటరీ కనెక్టర్ తీయడం మొట్టమొదట. చిప్‌ల మూలల్లో జిగురు ఉందేమో చూడండి, ఉంటే ముందు దాన్ని తక్కువ వేడిలో మెత్తబరిచి తీయాలి. ఫ్యాక్టరీలో వాడేది సీసం లేని సోల్డర్, అది 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మనం వాడే 63-37 సీసం సోల్డర్ 183కే కరుగుతుంది. కింద నుంచి ప్రీహీటర్ పెట్టి బోర్డంతా 150 దాకా నిదానంగా తీసుకెళ్లండి. కింద వేడి లేకుండా పైనుంచి హాట్ ఎయిర్ ఒక్కటే కొడితే బోర్డు వంగుతుంది, పక్కనే ఉన్న ప్రాసెసర్ కింద బాల్స్ కదులుతాయి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. ఎండాకాలంలో కష్టమే, అయినా ఆపండి. ఆ గాలికి బోర్డు ఒకవైపు చల్లబడుతుంది.

చిప్‌ను బలవంతంగా లాగొద్దు. సోల్డర్ మొత్తం కరిగిందో లేదో చిప్పే చెప్తుంది. ట్వీజర్ కొసతో పక్క నుంచి మెల్లగా తాకితే, చిప్ కాస్త జరిగి, తిరిగి తన చోటికి వచ్చి కూర్చుంటుంది. కరిగిన సోల్డర్ తలతన్యత దాన్ని వెనక్కి లాగుతుంది. అలా వచ్చి కూర్చున్నప్పుడే ఎత్తాలి. కదలకముందు ఎత్తితే ప్యాడ్లు, అంటే బోర్డు మీది రాగి చుక్కలు, చిప్‌తోపాటు లేచి వస్తాయి. తీశాక ప్యాడ్ల మీద కొంచెం సీసం సోల్డర్ తిప్పి, సోల్డర్ బాగా పారేలా చేసే ఫ్లక్స్ ధారాళంగా వేసి, సోల్డర్‌ను పీల్చే రాగి అల్లిక, అదే విక్, దాంతో శుభ్రం చేయండి. విక్ చల్లబడి అతుక్కుంటే గుంజకండి, మళ్లీ వేడి చేసి తీయండి.

వానాకాలంలో ఇంకో సమస్య. స్క్రాప్ బోర్డు నుంచి తీసిన చిప్‌లు గాలిలోని తేమను పీల్చుకుని ఉంటాయి. ఒక్కసారిగా వేడి తగిలితే లోపలి తేమ ఆవిరై చిప్ ఉబ్బి పగులుతుంది. అందుకే ముందు 125 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో కొన్ని గంటలు ఆరబెట్టడం అలవాటు చేసుకోండి. వంటింటి ఓవెన్ మాత్రం వాడకండి.

అతికించాక వెంటనే ఆన్ చేయకండి. మెమరీ వోల్టేజీ లైన్లు గ్రౌండ్‌కు షార్ట్ ఉన్నాయేమో చూడండి. ఆ తర్వాతే పవర్. మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ చాలాసేపు నల్లగా ఉండొచ్చు. కొత్త మెమరీకి తగ్గట్టు బయోస్ టైమింగ్స్ సరిచూసుకుంటుంది, దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. కంగారుపడి పవర్ బటన్ నొక్కి ఆపేయకండి, కొన్ని నిమిషాలు ఆగండి. లేచాక 16 జీబీ కనిపిస్తే పని అయిపోయినట్టు కాదు. మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86ప్లస్ రాత్రంతా నడిపి, ఒక్క ఎర్రర్ కూడా లేదంటేనే కస్టమర్‌కు ఇవ్వండి. ఒక్క ఎర్రర్ ఉన్నా ఏదో ఒక రోజు ఆ అబ్బాయి ప్రాజెక్టు ఫైలు పాడవుతుంది.

మెషీన్ తీసుకునేటప్పుడే డిస్క్ తాళం తెరిచే బిట్‌లాకర్ రికవరీ కీ అడిగి రాయించుకోండి. విండోస్ 11 చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌ను తనంతట తానే ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది. పని అయ్యాక ఆ కీ అడిగితే, అది లేకపోతే డేటా మొత్తం పోయినట్టే. బయోస్ చిప్ చదవాల్సి వస్తే ముందు అది 3.3 వోల్టులదా, 1.8 వోల్టులదా చూసుకోండి. రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకేలా ఉన్నాయో లేదో పోల్చాకే రాయడానికి పోవాలి. యూపీఎస్ లేకుండా ఆ పని మొదలుపెట్టొద్దు. కరెంటు ఎప్పుడు పోతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

వద్దు అనాల్సిన కేసులు కూడా ఉన్నాయి. వారంటీలో ఉన్నదాన్ని ముట్టుకోకండి. 2024 సెప్టెంబరులో వచ్చిన ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ వరుసలో, ఆపిల్ ఎం1 నుంచి మొదలైన వరుసలో మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీ మీదే ఉంటుంది. ఆపిల్ వాటిలో మార్చి చూపించినవాళ్లు చైనాలో ఉన్నారు, కానీ ఆ పరికరాలు, ఆ సాధన లేకుండా ఇంకొకరి లక్ష రూపాయల వస్తువు మీద చేయి వేయడం న్యాయం కాదు. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో మెమరీ ధరలు బాగా పెరిగాయి. చిప్‌ల ఖర్చు, మన కూలీ కలిపితే సెకండ్ హ్యాండ్‌లో 16 జీబీ మెషీన్ వచ్చే పరిస్థితి ఉంటే ఆ మాట కస్టమర్‌కు మనమే చెప్పాలి. బోర్డు పోయే అవకాశం ఉందని కూడా ముందే కాగితం మీద రాసి సంతకం తీసుకోవాలి. దాచిపెట్టి చేసిన పని ఊళ్లో నిలవదు.

ముందు ముందు ఈ కష్టం తగ్గొచ్చు. డెల్ 2022లో తెచ్చిన క్యామ్ అనే పద్ధతిని ఆధారం చేసుకుని, 2023 డిసెంబరులో మెమరీ ప్రమాణాలు ఖరారు చేసే జెడెక్ సంస్థ క్యామ్2 ప్రమాణాన్ని ప్రకటించింది. సన్నటి పలకలా ఉండే మాడ్యూల్‌ను బోర్డు మీద పెట్టి స్క్రూలతో బిగిస్తారు. ఎల్‌పీడీడీఆర్ మెమరీని కూడా అలా మార్చుకునే రకం 2024లో లెనొవో థింక్‌ప్యాడ్ పీ1 ఏడో తరంలో వచ్చింది. అంటే వేగమూ కావాలి, మార్చుకునే వీలూ కావాలి అంటే కుదరదనే మాట ఇక చెల్లదు. ధర తగ్గి మామూలు మోడళ్లకు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్నాను. మన కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించింది. ఆ హక్కు బోర్డు స్కీమాటిక్ మెకానిక్ చేతికి అందేదాకా రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. దొంగచాటుగా వెతుక్కునే కాగితం కాకూడదు అది.

వెనక నుంచి ఆ చెల్లె అడుగుతోంది, నేర్చుకోవడం ఎక్కడ మొదలుపెట్టాలి అని. బాగా అడిగావమ్మా. పాడైపోయిన డెస్క్‌టాప్ ర్యామ్ పట్టీలు ఏ దుకాణంలో అడిగినా ఊరికే ఇస్తారు. వాటి మీద చిప్‌లు తీయడం, రీబాల్ చేయడం అంటే అడుగున కొత్త బాల్స్ పెట్టడం, తిరిగి అతికించడం సాధన చేయి. చేయి కుదిరాక డెడ్ ల్యాప్‌టాప్ బోర్డు ఒకటి తీసుకుని, చిప్ నంబర్లు చదివి ఎన్ని జీబీయో నువ్వే లెక్కగట్టు. తర్వాత స్ట్రాప్ రెసిస్టర్లు వెతికి, ఏది 1, ఏది 0 అని కాగితం మీద రాసుకుని, చివర్లో స్కీమాటిక్ తెరిచి సరిపోయిందో లేదో చూడు. రెండు మూడు బోర్డులకు సరిపోయిందంటే నువ్వు కస్టమర్ బోర్డు పట్టుకోవచ్చు.

ఇప్పుడు పక్క గదిలో ప్రీహీటర్ ఆన్ చేశారు. 8 జీబీ బోర్డు ఒకటి, దాని 16 జీబీ జత బోర్డు ఒకటి టేబుల్ మీద ఉన్నాయి. స్ట్రాపుల్లో తేడా ఎక్కడుందో ముందు మీరే కనిపెట్టాలి, తర్వాతే చిప్‌లు తీద్దాం. మైక్రోస్కోప్ ఒక్కటే ఉంది, నలుగురు నలుగురుగా రండి. పిల్లలు ముందు.